రికార్డింగ్‌లో పాట తెగుతుంటే ముందు ర్యామ్ కొనకండి

సంపాదకులకు నమస్కారం.

మీ టెక్నాలజీ పేజీలో వచ్చే పాఠకుల ప్రశ్నల శీర్షిక నేను వదలకుండా చదువుతాను. పోయిన వారం ఒకరు అడిగారు, కంప్యూటర్‌లో పాట రికార్డు చేస్తుంటే మధ్యమధ్యలో శబ్దం తెగుతోంది, ఒక్కోచోట పదంలో సగం ఎగిరిపోతోంది, ఏం చేయాలి అని. దానికి మీరిచ్చిన జవాబు రెండే వాక్యాలు. ర్యామ్ పెంచుకోండి, కంప్యూటర్ పాతదైతే కొత్తది తీసుకోండి. అది చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను, ఎందుకంటే సరిగ్గా ఇదే సలహా ఒకప్పుడు నాకూ ఒకరిచ్చారు, నేను ర్యామ్ పెంచాను, దాంతో తగ్గక కంప్యూటరే మార్చాను, కొత్త దాంట్లోనూ అదే టక్, అదే తెగడం.

మా గురువుగారికి ఎనభై దాటాయి. ఆయన పాట ఒక్కటైనా శుభ్రంగా దాచుకోవాలని ఎన్నాళ్ళుగానో అనుకుని, ఒకరోజు పొద్దున్నే మైకు పెట్టి, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె తగిలించి కూర్చోబెట్టాను. నలభై నిమిషాలు ఆపకుండా పాడారు. ఆ గొంతు అంత హాయిగా పలికి చాలా రోజులైంది. అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మూడో నిమిషంలో ఒక టక్. ఏడో నిమిషంలో పై షడ్జం మీద నిలబడి ఉండగా స్వరం రెండు ముక్కలైంది. అలా మొత్తం పదిహేడు చోట్ల. నా ముఖం చూసి ఆయనే అడిగారు, "ఏమ్మా, సరిగ్గా రాలేదా? మళ్ళీ పాడమంటావా?" అని. ఆయన అప్పటికే అలిసిపోయి ఉన్నారు. లేదండీ బాగానే వచ్చింది అన్నాను.

ఆ పదిహేడు చోట్లలో ఒక్కటి కూడా ర్యామ్ వల్ల కాదని తెలియడానికి నాకు నెలలు పట్టింది. మీకు ప్రశ్న పంపిన పాఠకుడికి అన్ని నెలలు పట్టకూడదు.

అసలు శబ్దం ఎందుకు తెగుతుందో ముందు చెప్తాను. కుళాయి కింద చెంబు పెట్టామనుకోండి. నీళ్ళు ఒకే ధారగా ఆగకుండా పడుతుంటాయి, చెంబు నిండగానే ఒకరు దాన్ని తీసి తొట్టిలో పోసి, ఆలోపే రెండో చెంబు కింద పెట్టాలి. ఆ మనిషి ఎంత బలమైన వాడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, సమయానికి అక్కడ ఉన్నాడా లేదా అన్నదే లెక్క. ఎవరో పిలిచారని ఒక్క నిమిషం తలుపు దగ్గరికి వెళ్ళాడా, చెంబు పొర్లిపోతుంది, ఆ పొర్లిన నీళ్ళు మళ్ళీ రావు. మైకు నుంచి వచ్చే శబ్దం ఆ ధార, చెంబు పేరు బఫర్, పోసేవాడు ప్రాసెసర్. అందుకే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ వాడకం పదిహేను శాతమే చూపిస్తుంది, పాట మాత్రం తెగుతూనే ఉంటుంది. ఆ పదిహేను శాతం సగటు. రోజంతా ఖాళీగా ఉన్న మనిషి కూడా సరిగ్గా పిలిచిన క్షణంలో లేకపోవచ్చు కదా. ర్యామ్ పెంచితే తొట్టి పెద్దదవుతుంది, అంతే, చెంబు అంతే ఉంటుంది, మనిషి వచ్చే వేళా మారదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. శబ్దాన్ని ఒక్కో క్షణంలో కొలిచి రాసుకున్న అంకెను శాంపిల్ అంటారు. మామూలుగా సెకనుకు 44,100 శాంపిళ్ళు తీసుకుంటాం, లేదా 48,000. బఫర్ 64 శాంపిళ్ళకు పెడితే 44,100 దగ్గర ఒక చెంబు నిండడానికి ఒకటిన్నర మిల్లీసెకను కూడా పట్టదు. 128 పెడితే దాదాపు 2.9 మిల్లీసెకన్లు, 256 అయితే 5.8, 512కి 11.6, 1024కి 23 మిల్లీసెకన్లు. కంప్యూటర్ ఏ పనిలో ఉన్నా సరే ఆ లోపల వచ్చి చెంబు మార్చాల్సిందే. చిన్న బఫర్ ఎందుకు పెడతారంటే, పాడేవాళ్ళు తమ గొంతు తామే హెడ్‌ఫోన్స్‌లో కంప్యూటర్ ద్వారా వింటుంటే, బఫర్ పెద్దదైన కొద్దీ గొంతు ఆలస్యంగా చెవిలో పడుతుంది, తాళం తప్పుతుంది. దీన్నే లేటెన్సీ అంటారు. గాలిలో శబ్దం ఒక మీటరు పోవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే మూడు మీటర్ల అవతల ఉన్న స్పీకర్ నుంచి వింటున్నట్టు, దానికి చాలామంది అలవాటు పడిపోతారు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే. గురువుగారు పాడిన రోజున ఎవరూ హెడ్‌ఫోన్స్‌లో ఏమీ వినడం లేదు. వెనక ట్రాక్ లేదు, తాళానికి వేసుకునే క్లిక్ లేదు. ఆయన, మైకు, అంతే. లేటెన్సీ ఎంతున్నా ఆ రోజు ఎవరికీ అక్కర్లేదు. నేను మాత్రం "తక్కువ ఉంటే మంచిది" అని ఎవరో అన్న మాట పట్టుకుని బఫర్ 64 దగ్గర ఉంచాను. 1024 పెట్టి ఉంటే ఆ పదిహేడు చోట్లలో బహుశా ఒక్కటీ ఉండేది కాదు. కొత్త కంప్యూటర్ కొన్నాక కూడా అలవాటు కొద్దీ మళ్ళీ 64 పెట్టాను, అందుకే అక్కడా అదే కథ.

కాబట్టి మీ పాఠకుడికి నేను మొదట చెప్పే మాట, వెనక ట్రాక్ వింటూ పాడే పని లేకపోతే బఫర్ 512 గానీ 1024 గానీ పెట్టేయండి. వింటూ పాడాలంటే, చాలా ఇంటర్‌ఫేస్‌ల మీద డైరెక్ట్ మానిటర్ అని ఒక బటనో తిప్పే నాబో ఉంటుంది, అది వాడితే మైకు శబ్దం కంప్యూటర్ దాకా వెళ్ళకుండా ఇంటర్‌ఫేస్ లోపలి నుంచే నేరుగా చెవికి వస్తుంది, బఫర్ పెద్దగా ఉన్నా ఇబ్బంది ఉండదు. అప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మానిటరింగ్ ఆపేయడం మర్చిపోవద్దు, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం ఈ పనికి వద్దే వద్దు, ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటిపోవడం మామూలే, పైగా వాటి మైకు కూడా వాడితే నాణ్యత ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది.

ఇది చేసినా తెగుతుంటే, ఏ మార్పూ చేయకుండా ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. దీన్ని నాకెవరూ చెప్పలేదు, ఎక్కడా ముందుగా కనిపించలేదు కూడా. రికార్డయిన ఫైల్‌లో టక్ వినిపించిన చోట ఆపి, నాలుగు సెకన్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ వినండి. మూడుసార్లు వినండి. ప్రతిసారీ సరిగ్గా అదే అక్షరం మీద టక్ వస్తే అది ఫైల్‌లోకే ఎక్కింది, తప్పు రికార్డు అయ్యే దారిలో ఉంది. ఒకసారి వచ్చి ఇంకోసారి రాకపోతే, లేదా వేరే చోటికి మారితే, ఫైల్ శుభ్రంగా ఉంది, వినిపించే వైపే తడబాటు. రెండో రకమైతే మీ రికార్డింగ్‌కి ఏమీ కాలేదు, ఊపిరి పీల్చుకోండి. ఎంతమంది మంచి టేకులు ఇలా టెన్షన్‌లో చెరిపేసుకుని ఉంటారో అనిపిస్తుంది నాకు.

ఫైల్‌లోనే ఉందని తేలితే అక్కడ బాగా జూమ్ చేసి తరంగం చూడండి. మెత్తగా వంపులు తిరుగుతూ వెళ్ళే గీత ఒక్కచోట నిట్టనిలువుగా గెంతి, అక్కడి నుంచి మళ్ళీ మామూలుగా సాగితే, మధ్యలో కొన్ని శాంపిళ్ళు పోయినట్టు, అంటే చెంబు పొర్లింది. కొంతసేపు గీత సున్నా మీద చదునుగా పడుకుంటే కూడా దాదాపు అదే కథ. శిఖరాలన్నీ కత్తితో కోసినట్టు ఒకే ఎత్తులో సమంగా ఉంటే అది తెగడం కాదు, మైకు గెయిన్, అంటే మైకు శబ్దాన్ని పెంచే మోతాదు, ఎక్కువైంది, గట్టిగా పాడినప్పుడే గరగర వస్తుంది, గెయిన్ తగ్గిస్తే పోతుంది, కంప్యూటర్‌కీ దానికీ సంబంధం లేదు.

ఇంకొకటుంది, పాడేవాళ్ళను బాగా మోసం చేసేది. దీర్ఘంగా పట్టిన స్వరం మెల్లగా మాయమైపోయి, గమకం వేయగానే తిరిగి వస్తుంటే అది నాయిస్ సప్రెషన్ పని. వీడియో కాల్స్‌లో ఫ్యాను మోతను తీసేయడానికి పెట్టిన ఆ సదుపాయానికి మాటే తెలుసు, మారకుండా నిలబడిన శబ్దం ఏదైనా దానికి ఫ్యానే. సౌండ్ సెట్టింగ్స్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనేది, మైకుతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో అలాంటివి, అన్నీ ఆపేయాలి.

సరే, చెంబే పొర్లుతోందని తేలింది. ఆ మనిషిని తలుపు దగ్గరికి పిలుస్తున్నదెవరు? విండోస్‌లో చాలాసార్లు అది ఏదో ఒక డ్రైవర్, అంటే ఒక్కో పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్. వైఫై, బ్లూటూత్, గ్రాఫిక్స్ కార్డు, బ్యాటరీని చూసుకునే భాగం, వీటి డ్రైవర్లకు ప్రాసెసర్‌ని మధ్యలో ఆపి ముందు నా పని చూడు అనే హక్కు ఉంటుంది, మామూలుగా అవి కొన్ని మైక్రోసెకన్లలో వదిలేస్తాయి, సరిగ్గా రాయని డ్రైవర్ మాత్రం రెండు మూడు వేల మైక్రోసెకన్లు, అంటే రెండు మూడు మిల్లీసెకన్లు పట్టుకుని కూర్చుంటుంది. 64 బఫర్‌కి ఉన్న గడువు ఒకటిన్నర మిల్లీసెకనే అని పైన చెప్పాను. ఇక మిగిలేదేముంది. ఎవరు ఎంతసేపు పట్టుకున్నారో చూపించే లేటెన్సీమాన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. దాన్ని ఓ పది నిమిషాలు నడిపి డ్రైవర్స్ అనే పేజీలో పైన ఎవరున్నారో చూస్తే చాలు. నా కంప్యూటర్‌లో అది వైర్‌లెస్ డ్రైవర్. పక్కన స్క్రీన్ మీద ఆ అంకె పెరగడం చూస్తూ వైఫై ఆపేశాను, గీత అక్కడికక్కడే కిందికి దిగింది, ఆ క్షణం నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. మరో డ్రైవర్ వెర్షన్ వేస్తే కొందరికి శాశ్వతంగా తగ్గుతుంది, నేనైతే రికార్డింగ్ అన్నప్పుడల్లా నెట్ పూర్తిగా ఆపేస్తాను, దాంతో అప్‌డేట్లు, క్లౌడ్‌కి ఫైళ్ళు ఎక్కించడం లాంటి గొడవలు కూడా పోతాయి.

డ్రైవర్ల మాట వచ్చింది కాబట్టి, ఇంటర్‌ఫేస్ కొన్నప్పుడు దాని కంపెనీ ఇచ్చిన సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ తప్పకుండా వేసుకోండి. స్టీన్‌బర్గ్ కంపెనీ 1990ల్లో తయారుచేసిన పద్ధతి ఇది, శబ్దం విండోస్ లోపలి మిక్సర్ గుండా తిరిగి తిరిగి రాకుండా దగ్గరి దారిన వస్తుంది. చాలామంది తగిలించగానే పనిచేస్తోంది కదా అని ఆ డ్రైవర్ జోలికే పోరు. మ్యాక్‌లో చాలావరకు ఈ బెడద లేదు, కోర్ ఆడియో అనే అలాంటి దగ్గరి దారి అందులోనే ఉంటుంది. లినక్స్ వాళ్ళు ఈ తెగడాన్ని ఎక్స్‌రన్ అని పిలుస్తారు, అక్కడైతే కొన్ని ప్రోగ్రాముల్లో ఎన్నిసార్లు తెగిందో లెక్క తెర మీదే కనిపిస్తుంది, నిజానికి అన్నిచోట్లా అలా ఉండాల్సింది.

ల్యాప్‌టాప్ వాడేవాళ్ళకు కరెంటు పొదుపు పెద్ద శత్రువు. పని లేదనుకున్నప్పుడు ప్రాసెసర్ కునుకు తీస్తుంది, లేచేలోపు చెంబు పొర్లుతుంది. ఛార్జర్ పెట్టి, పవర్ సెట్టింగ్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చి, పని లేని యూఎస్‌బీ పరికరాన్ని నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనేదాన్ని ఆపేయాలి. ఇంటర్‌ఫేస్‌ని హబ్‌లో కాకుండా నేరుగా కంప్యూటర్ పోర్టులోనే గుచ్చాలి, ఒక పోర్టులో తెగుతుంటే ఇంకోదానిలో పెట్టి చూడాలి, కేబుల్ మార్చి చూడాలి. కేబుల్ కదిలినప్పుడు టక్ వస్తే ఇక ఏ సెట్టింగూ వెతక్కండి.

టక్‌లు ఒక క్రమంలో, గడియారం కొట్టినట్టు, ఇన్ని సెకన్లకొకటి అని వస్తుంటే మాత్రం దారి వేరు. అది గడియారాల తగాదా. యూఎస్‌బీ మైకులో ఒక గడియారం, కంప్యూటర్ సౌండ్‌లో ఇంకో గడియారం, రెండింటికీ 48,000 అని చెప్పినా రెండూ అచ్చంగా ఒకటే వేగంతో నడవవు. పదిలక్షలకు ఇరవై తేడా ఉన్నా సెకనుకు దాదాపు ఒక శాంపిల్ అటో ఇటో పడుతుంది, అది పేరుకుని పేరుకుని ఒక్కసారి గెంతుతుంది. మైకు ఏ పరికరంలోకి వెళ్తుందో హెడ్‌ఫోన్స్ కూడా అందులోనే పెడితే ఒకే గడియారం, తగాదా లేదు. మ్యాక్‌లో రెండు పరికరాలు కలిపి వాడక తప్పకపోతే డ్రిఫ్ట్ కరెక్షన్ అనే గడి టిక్ చేయాలి. రెండు ఇంటర్‌ఫేస్‌లను డిజిటల్ కేబుల్‌తో కలిపినప్పుడు ఒకదాని గడియారమే పెద్దరికం చేసి రెండోది దాని వెంట నడవాలి, రెండూ పెద్దరికం చేస్తే టక్ టక్ తప్పదు. శాంపిల్ రేటు కూడా అంతటా ఒకటే ఉందా చూసుకోండి, 44,100లో తీసింది 48,000 అనుకుని నడిపితే పాట దాదాపు తొమ్మిది శాతం తొందరపడి, శ్రుతి కీబోర్డు మీద ఒకటిన్నర మెట్టు పైకెక్కుతుంది.

ఇక డిస్కు. నెమ్మది డిస్కు వల్లే అంటారు కానీ, 24 బిట్, 48,000 దగ్గర ఒక ట్రాక్‌కి సెకనుకు 144 కిలోబైట్లే, ఎనిమిది ట్రాక్‌లు కలిపినా ఒక మెగాబైటు కాస్త దాటుతుంది. పాత డిస్కైనా మోస్తుంది. మోయలేనిది యాంటీవైరస్ అదే ఫైల్‌ని రాస్తుండగానే తెరిచి చూడటం, లేదా ఆ ఫోల్డర్ క్లౌడ్‌కి ఎక్కుతూ ఉండటం. రికార్డింగ్ ఫోల్డర్‌ని ఆ రెండింటికీ అందకుండా పక్కకు పెడితే సరిపోతుంది.

ట్రాక్‌లు పెరిగి, ప్రతిదాని మీదా గది ప్రతిధ్వని కలిపే రివెర్బ్, శబ్దం రంగు సరిదిద్దే ఈక్యూ లాంటి ప్లగిన్లు పేర్చుకున్నాక తెగడం మొదలైతే అప్పుడు మాత్రం నిజంగా ప్రాసెసర్‌కి బరువెక్కింది. అప్పుడూ కొత్త కంప్యూటర్ అక్కర్లేదు, పూర్తయిన ట్రాక్‌లను ఫ్రీజ్ చేయండి, అంటే ప్లగిన్లతో సహా మామూలు ఆడియోగా మార్చి ఉంచండి, కంప్యూటర్ ద్వారా వింటూ పాడేటప్పుడు చిన్న బఫర్, తర్వాత మిక్సింగ్‌కి పెద్ద బఫర్ పెట్టుకోండి. వందల వాయిద్యాల శాంపిల్ లైబ్రరీలు ఒకేసారి తెరిచేవాళ్ళకైతే ర్యామ్ కావాల్సిందే, అది నేను కాదనను. మీకు రాసిన పాఠకుడు ఒక గొంతు, ఒక మైకు అని రాశాడు.

అప్పటికే పాడైన ఫైల్ ఉంటే దాన్ని చెరపకండి, అసలు కాపీ ముట్టుకోకుండా పక్కన దాచి ఇంకో కాపీ మీద పని చేయండి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో రిపేర్ అని ఉంటుంది, ఒక్కసారికి 128 శాంపిళ్ళ మేరకే అది అతుకు వేస్తుంది, అతుకు వేసిన చోట పోయిన శబ్దం తిరిగి రాదు, చుట్టుపక్కల చూసి ఊహించి గీత కలుపుతుందంతే. నా పదిహేడులో పదకొండు అలా చెవికి తెలియకుండా పోయాయి. పై షడ్జం మీద తెగింది మాత్రం పోలేదు.

సంపాదకుల వారూ, ఇదంతా రెండు వాక్యాల్లో పట్టదని నాకు తెలుసు. కానీ ఆ శీర్షికలో జవాబిచ్చే ముందు రెండు ప్రశ్నలు తిరిగి అడిగే వీలుంది. టక్ ప్రతిసారీ అదే చోట వస్తోందా? బఫర్ ఎంత పెట్టారు? ఆ పాఠకుడు కొత్త కంప్యూటర్ కోసం బయలుదేరేలోపు ఈ రెండూ ఆయనకు చేరేలా వచ్చే వారం పేజీలో వేయమని కోరుతున్నాను.

గురువుగారు మొన్న మళ్ళీ పాడారు. వైఫై ఆపి, ఛార్జర్ పెట్టి, బఫర్ 1024 పెట్టి, ముందు అరగంట ఖాళీ గదిని రికార్డు చేసి ఒక్క టక్ కూడా లేదని చూసుకున్నాకే ఆయన్ను పిలిచాను. ఈసారి పన్నెండు నిమిషాలే పాడగలిగారు. పన్నెండు నిమిషాలూ శుభ్రంగా ఉన్నాయి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు